తొలినాటి జర్మన్ మూకీ చిత్రాలు: ఆస్వాదన, సేకరణ

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 జర్మన్ మూకీ యుగం
7.3 చిత్రాలు అరుదు కావడానికి కారణాలు
7.4 ప్రతుల చరిత్ర: మూడు ఉదాహరణలు
7.5 మూకీ చిత్రాన్ని చూసే పద్ధతి
7.6 సేకర్తలు, సేకరణ
7.7 భారతదేశంతో సంబంధం
7.8 సారాంశం
7.9 ముఖ్య పదాలు
7.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• తొలినాటి జర్మన్ చిత్రాలు ఎందుకు అరుదయ్యాయో వివరించగలుగుతారు.
• ఒకే చిత్రానికి వేర్వేరు ప్రతులు ఎలా ఏర్పడతాయో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• వేగం, రంగు, సంగీతం, టైటిల్ కార్డుల ఆధారంగా మీ ముందున్న ప్రతి నాణ్యతను అంచనా వేయగలుగుతారు.
• చిన్న స్థాయిలో సేకరణ ప్రారంభించి, దాన్ని భద్రపరచుకోగలుగుతారు.

7.1 పరిచయం

ఒక నవల రెండు ముద్రణల్లో వచ్చినా కథ మారదని మనం నమ్ముతాం. సినిమా విషయంలో, ముఖ్యంగా మూకీల విషయంలో, ఆ నమ్మకం పనికిరాదు. ‘మెట్రోపోలిస్’ చూశామని చెప్పే ఇద్దరు విద్యార్థులు నిజానికి రెండు వేర్వేరు చిత్రాలు చూసి ఉండవచ్చు. ఒకరు చూసినదానిలో కథకు మూలమైన పాత్రే ఉండకపోవచ్చు. మరొకరు చూసినదానిలో ఆ పాత్ర ఉండవచ్చు.

అందువల్ల తొలినాటి చిత్రాన్ని చూసేటప్పుడు “ఈ సినిమా ఎలా ఉంది?” అనే ప్రశ్న కంటే ముందు “ఇది ఏ ప్రతి? ఎక్కడి నుంచి వచ్చింది? దీనిలో ఏమి లేదు?” అనే ప్రశ్నలు వేసుకోవాలి. ఈ పాఠానికి ఇదే కేంద్రాంశం. సేకర్త చేసే పని కూడా ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెదకడమే.

7.2 జర్మన్ మూకీ యుగం

జర్మనీలో సినిమా ప్రదర్శన చాలా ముందుగానే మొదలైంది. మాక్స్, ఎమిల్ స్క్లాదనోవ్‌స్కీ సోదరులు తమ ‘బయోస్కోప్’ యంత్రంతో 1895 నవంబరు 1న బెర్లిన్‌లోని వింటర్‌గార్టెన్ వినోదశాలలో చలనచిత్రాలు ప్రదర్శించారు. లూమియేర్ సోదరులు పారిస్‌లో టిక్కెట్టు పెట్టి ప్రదర్శన ఇచ్చింది అదే సంవత్సరం డిసెంబరు 28న. అయితే లూమియేర్ల యంత్రం సాంకేతికంగా మెరుగైనది కావడంతో చరిత్రలో వారి పేరే నిలిచింది.

1913లో ‘ప్రాగ్ విద్యార్థి’ వంటి చిత్రాలతో జర్మన్ సినిమా సాహిత్యం వైపు, నాటకరంగం వైపు చూడటం మొదలుపెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో, ఊఫా సంస్థ ఏర్పడింది. యుద్ధంలో ఓటమి, కరువు, ద్రవ్యోల్బణం నడుమ 1919 నుంచి 1929 దాకా వచ్చిన చిత్రాలు ప్రపంచ సినిమాపై చెరగని ముద్ర వేశాయి. రాబర్ట్ వీనే, ఎఫ్.డబ్ల్యు. ముర్నౌ, ఫ్రిట్స్ లాంగ్, జి.డబ్ల్యు. పాబ్స్ట్, ఎర్న్‌స్ట్ లూబిచ్ ఈ కాలపు ప్రముఖ దర్శకులు. కత్తిరించిన నీడబొమ్మలతో లోటే రైనిగర్ తీసిన ‘రాకుమారుడు అహ్మద్ సాహసాలు’ (1926) నేటికి మిగిలి ఉన్న పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాలన్నిటిలో పాతది.

7.3 చిత్రాలు అరుదు కావడానికి కారణాలు

మూకీ చిత్రాలు నశించడానికి నాలుగు ప్రధాన కారణాలున్నాయి.

అ) పదార్థ స్వభావం: ఆనాటి 35 మి.మీ. ఫిల్ము సెల్యులోజ్ నైట్రేట్‌తో తయారయ్యేది. అది సులభంగా అంటుకుంటుంది. మండేటప్పుడు తనకు కావలసిన ఆక్సిజన్‌ను తానే ఇచ్చుకుంటుంది కాబట్టి నీళ్లు పోసినా ఆరదు. నిప్పు తగలకపోయినా కాలక్రమంలో జిగటగా మారి, చివరికి పొడి అయిపోతుంది.

ఆ) వ్యాపార దృష్టి: ప్రదర్శన ముగిసిన ప్రింటుకు విలువ ఉండేది కాదు. ఫిల్ములోని వెండిని రాబట్టుకోవడానికి వాటిని కరిగించేవారు. 1929-30లో టాకీలు రావడంతో మూకీలను దాచవలసిన అవసరమే లేదని నిర్మాతలు భావించారు.

ఇ) నిషేధాలు, కోర్టు తీర్పులు: రిఖార్డ్ ఓస్వాల్డ్ 1919లో స్వలింగ సంపర్కుల కష్టాలపై తీసిన ‘ఇతరులకు భిన్నంగా’ చిత్రాన్ని మరుసటి సంవత్సరమే నిషేధించారు. నేడు దానిలో కొంత భాగమే మిగిలింది.

ఈ) యుద్ధం: రైనిగర్ చిత్రం అసలు నెగెటివ్ 1945లో బెర్లిన్ పోరాటంలో నాశనమైంది. బ్రిటన్‌లో మిగిలిన రంగుల ప్రింటు ఆధారంగా తరువాత ఆ చిత్రాన్ని పునరుద్ధరించారు.

ఫలితంగా ముర్నౌ తొలి చిత్రాల్లో చాలావాటికి నేడు పోస్టర్లు, ఛాయాచిత్రాలు, పత్రికా సమీక్షలే మిగిలాయి. 1920లో ఆయన తీసిన ‘జానుస్ శిరస్సు’ ప్రతి ఇంతవరకు దొరకలేదు. పాల్ వేగనర్ 1915లో తీసిన ‘గోలెమ్’లో కొన్ని ముక్కలే మిగిలాయి. మనం సాధారణంగా చూసేది 1920లో ఆయన అదే ఇతివృత్తంతో తీసిన మరో చిత్రం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
1. నైట్రేట్ ఫిల్ము మంటను నీళ్లతో ఎందుకు ఆర్పలేం?
2. పాత ప్రింట్లను కరిగించడం వల్ల వ్యాపారులకు కలిగిన లాభం ఏమిటి?

7.4 ప్రతుల చరిత్ర: మూడు ఉదాహరణలు

7.4.1 నోస్ఫెరాటు (1922)

బ్రామ్ స్టోకర్ నవల ‘డ్రాక్యులా’ను అనుమతి తీసుకోకుండా, పాత్రల పేర్లు మార్చి, ప్రానా ఫిల్మ్ సంస్థ ఈ చిత్రాన్ని నిర్మించింది. ముర్నౌ దర్శకుడు. రచయిత భార్య ఫ్లోరెన్స్ స్టోకర్ కోర్టుకెక్కారు. అప్పటికే నిర్మాణ సంస్థ దివాలా తీసింది. డబ్బు వచ్చే దారి లేకపోవడంతో ప్రతులన్నిటినీ నాశనం చేయాలని ఆమె పట్టుబట్టారు. 1925లో కోర్టు ఆ మేరకు తీర్పు ఇచ్చింది. కాని అప్పటికే విదేశాలకు వెళ్లిన ప్రింట్లు ఆ తీర్పుకు అందలేదు. చిత్రం బతికింది వాటి వల్లనే.

ఇక్కడ ఆస్వాదనకు సంబంధించిన ముఖ్యాంశం ఒకటి ఉంది. అప్పటి ఫిల్ముతో చీకట్లో చిత్రీకరించడం కష్టం. అందుకే రాత్రి దృశ్యాలను పగటి వెలుతురులోనే తీసి, ప్రింటును నీలి రంగులో ముంచేవారు. నీలం అంటే రాత్రి అని ప్రేక్షకుడికి తెలుసు. తరువాతి కాలంలో ఈ చిత్రానికి నలుపు-తెలుపు నకళ్లే ఎక్కువగా చెలామణి అయ్యాయి. వాటిలో సూర్యకాంతి తగిలితే చనిపోవలసిన రక్తపిశాచి శవపేటిక మోసుకుంటూ ఎండలో నడుస్తూ కనిపిస్తాడు. చూసినవారు దర్శకుడికి తెలివి లేదనుకున్నారు. నిజానికి లోపం దర్శకుడిది కాదు, నకలుది. ఫ్రాన్సులో దొరికిన, రంగు వేసిన 1922 నాటి ప్రింటు ఆధారంగా 2005-06లో చేసిన పునరుద్ధరణలో రాత్రులు మళ్లీ రాత్రులయ్యాయి.

7.4.2 డాక్టర్ కాలిగారి మందిరం (1920)

రాబర్ట్ వీనే దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో ఇళ్లు, వీధులు, కిటికీలు అన్నీ వంకరగా ఉంటాయి. హెర్మన్ వార్మ్, వాల్టర్ రైమన్, వాల్టర్ రోరిగ్ అనే కళాదర్శకులు నీడలను కూడా కుంచెతో సెట్లమీదే చిత్రించారు. ఈ శైలినే భావవ్యక్తీకరణవాదం అంటారు. వస్తువు బయటికి ఎలా కనిపిస్తుందో కాక, భయపడ్డ మనసుకు ఎలా అనిపిస్తుందో చూపడం దాని లక్ష్యం.

నకలుకు నకలు తీసిన ప్రతుల్లో ఈ కుంచె గీతలు కరిగిపోయి బూడిదరంగు మరకలుగా మిగులుతాయి. 2014లో వెలువడిన పునరుద్ధరణకు కెమెరాలో నడిచిన అసలు నెగెటివ్‌నే వాడారు. దానిలో మొదటి అంకం లేదు. ఆ లోటును పాత ప్రింట్లతో పూడ్చారు. లాటిన్ అమెరికాలో మిగిలిన ప్రింట్ల ద్వారా అసలు రంగులేమిటో తెలిసింది. ఇప్పుడు కుంచె పోటు కూడా తెరమీద కనిపిస్తుంది. మీరు ఈ చిత్రంపై వ్యాసం రాస్తే ఏ ప్రతి చూసి రాశారో పేర్కొనడం ఎందుకు అవసరమో దీనివల్ల అర్థమవుతుంది.

7.4.3 మెట్రోపోలిస్ (1927)

ఫ్రిట్స్ లాంగ్ తీసిన ఈ చిత్రం 1927 జనవరి 10న బెర్లిన్‌లో విడుదలైంది. అప్పటి పొడవు 4,189 మీటర్లు. అమెరికా పంపిణీదారులు దీన్ని బాగా కుదించి, టైటిల్ కార్డులు కొత్తగా రాయించారు. ఊఫా కూడా కొద్ది నెలల్లోనే జర్మనీలో సుమారు 3,241 మీటర్ల ప్రతిని విడుదల చేసింది. అంటే దాదాపు నాలుగో వంతు పోయింది.

పోయింది పొడవు మాత్రమే కాదు. నగరాధిపతి ఫ్రెడర్సన్, శాస్త్రవేత్త రోట్‌వాంగ్ ఇద్దరూ ప్రేమించిన స్త్రీ పేరు హెల్. ఆమె చనిపోయాక రోట్‌వాంగ్ ఆమె రూపాన్ని మళ్లీ సృష్టించుకోవాలని యంత్రమానవిని తయారుచేస్తాడు. ఇంగ్లీషులో ఆ పేరు నరకాన్ని సూచిస్తుందని చెప్పి అమెరికాలో ఆ పాత్రను పూర్తిగా తీసేశారు. దాంతో శాస్త్రవేత్త యంత్రాన్ని ఎందుకు చేశాడో తెలియకుండా పోయింది. “దృశ్యాలు గొప్పవి, కథే బలహీనం” అని దశాబ్దాల పాటు వచ్చిన విమర్శల్లో చాలావరకు ఈ కత్తిరింపుల ఫలితమే.

1928లో ఒక అర్జెంటీనా పంపిణీదారు పూర్తి నిడివి ప్రింటును తన దేశానికి తీసుకువెళ్లాడు. తరువాత అది ఒక సినీ విమర్శకుడి సేకరణలో చేరింది. అక్కడి నుంచి ప్రభుత్వ సంస్థకు, చివరికి బ్యూనస్ ఎయిర్స్ సినిమా మ్యూజియానికి చేరింది. మధ్యలో నైట్రేట్ ప్రింటును 16 మి.మీ. ఫిల్ముపైకి నకలు తీశారు. అసలు ప్రింటు మిగల్లేదు. ఆ ఊరి సినీ క్లబ్బు నిర్వాహకుడొకరు, ఈ చిత్రం ఆడించినప్పుడు ఫిల్ము ఊగకుండా రెండు గంటలకు పైగా వేలితో అదిమి పట్టుకోవలసి వచ్చిందని చెప్పేవాడు. సినీ చరిత్రకారుడు ఫెర్నాండో పేన్యా ఆ మాట దగ్గర ఆగాడు. అందరికీ తెలిసిన కుదించిన ప్రతి అంతసేపు నడవదు కదా! ఆ సందేహంతోనే ఆయన ఏళ్ల తరబడి వాకబు చేశాడు. 2008లో, మ్యూజియం అధిపతి పావులా ఫెలిక్స్-డిదియర్‌తో కలిసి డబ్బాలు తెరిచి చూసినప్పుడు, పోయిందనుకున్న సుమారు 25 నిమిషాల భాగం బయటపడింది.

అయితే ఏ దృశ్యం ఎక్కడ ఉండాలో ఎలా తెలుస్తుంది? గాట్‌ఫ్రీడ్ హుపర్ట్స్ రాసిన అసలు సంగీత స్వరలిపిలో దృశ్యాలను గుర్తించే వెయ్యికి పైగా సూచనలున్నాయి. సెన్సారు కార్డుల్లో టైటిళ్ల పాఠమంతా ఉంది. అంటే ఫిల్మును నిలబెట్టింది కాగితం. 2010లో విడుదలైన ప్రతిలో అర్జెంటీనా దృశ్యాలు గీతలతో, అంచు కోసుకుపోయి కనిపిస్తాయి. వాటిని చూసి విసుక్కోకండి. ఆ గీతలే మీకు “ఈ భాగం ఎనభై ఏళ్లు కనిపించలేదు” అని చెబుతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
1. నోస్ఫెరాటులో నీలి రంగు ఏమి సూచిస్తుంది?
2. మెట్రోపోలిస్ దృశ్యక్రమాన్ని నిర్ణయించడానికి తోడ్పడిన రెండు కాగితపు ఆధారాలేవి?

7.5 మూకీ చిత్రాన్ని చూసే పద్ధతి

వేగం: మూకీ కాలంలో కెమెరాను చేతితో తిప్పేవారు. సెకనుకు 16 నుంచి 24 దాకా ఫ్రేములు నడిచేవి. టాకీలతో 24 స్థిరపడింది. నెమ్మదిగా తీసిన చిత్రాన్ని 24 వేగంతో ఆడిస్తే మనుషులు గబగబా పరుగెత్తినట్లు కనిపిస్తారు. అది ఆనాటి నటన లోపం కాదు, ఈనాటి ప్రదర్శన లోపం.

35 మి.మీ. ఫిల్ము ఒక మీటరులో సుమారు 52.5 ఫ్రేములుంటాయి. కాబట్టి:

నిడివి (నిమిషాల్లో) = మీటర్లు × 52.5 ÷ (సెకనుకు ఫ్రేములు × 60)

నోస్ఫెరాటు అసలు పొడవు 1,967 మీటర్లు. సెకనుకు 18 ఫ్రేముల వేగంతో అది సుమారు 96 నిమిషాలు నడుస్తుంది. 24 వేగంతో సుమారు 72 నిమిషాలే. కాబట్టి డిస్కు పెట్టెపై 72 నిమిషాలు అని ఉంటే, దృశ్యాలు కత్తిరించారని వెంటనే తేల్చకూడదు. మొత్తం చిత్రాన్నే వేగంగా తిప్పి ఉండవచ్చు. ముందు మనుషుల నడక చూడండి.

రంగు: నలుపు-తెలుపు చిత్రమనే మాటను మూకీలకు గుడ్డిగా వాడకండి. చాలా ప్రింట్లకు రంగులు వేసేవారు. సాధారణంగా నీలం రాత్రిని, పసుపు లేదా కాషాయం దీపకాంతిని, గులాబీ తెల్లవారుజామును, ఎరుపు అగ్నిని సూచించేవి.

సంగీతం: మూకీ అంటే నిశ్శబ్దం కాదు. హాలులో పియానో గాని, వాద్యబృందం గాని ఉండేది. మీ ప్రతిలోని సంగీతం చిత్రంతో పాటు రాసినదా, తరువాత కూర్చినదా అన్నది గమనించండి.

టైటిల్ కార్డులు: విదేశీ ప్రతుల్లో ఇవి మారిపోతాయి. కాలిగారి వంటి చిత్రంలో అక్షరాల ఆకారం కూడా అలంకరణలో భాగమే.

ఏకకాల నెగెటివ్‌లు: ఎగుమతి కోసం పక్కపక్కన రెండు మూడు కెమెరాలు పెట్టి తీసేవారు. లేదా ఒకే దృశ్యాన్ని మళ్లీ తీసి, ఆ టేకులతో మరో నెగెటివ్ తయారుచేసేవారు. ముర్నౌ ‘ఫౌస్ట్’ (1926)కు ఇలాంటి పలు రూపాలున్నాయి. సాధారణంగా ఉత్తమమైన టేకులు స్వదేశీ నెగెటివ్‌కు వెళ్లేవి. అంటే ఒక ప్రతిలో నటుడి చూపు, మరో ప్రతిలో అదే నటుడి చూపు ఒకటి కాకపోవచ్చు.

7.6 సేకర్తలు, సేకరణ

7.6.1 చరిత్రలో సేకర్తల పాత్ర

ప్రభుత్వాలు, నిర్మాతలు పట్టించుకోని కాలంలో వ్యక్తులే ఈ చిత్రాలను కాపాడారు. దర్శకుడు గెర్‌హార్డ్ లాంప్రెష్ట్ సేకరించిన ఫిల్ములు, యంత్రాలు, పత్రాలు 1963లో బెర్లిన్‌లో స్థాపించిన డాయిచె కినెమాతెక్‌కు పునాది అయ్యాయి. నెదర్లాండ్స్ పంపిణీదారు జాన్ డెస్మెట్ వ్యాపారం మానుకున్నాక కూడా తన ప్రింట్లను పారేయలేదు. తొమ్మిది వందలకు పైగా చిత్రాలున్న ఆ సేకరణ ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఐ ఫిల్మ్ మ్యూజియంలో ఉంది. పారిస్‌లో హెన్రీ లాంగ్లువా 1936లో సినెమాతెక్ ఫ్రాన్సేజ్ స్థాపకుల్లో ఒకరయ్యాడు. హిట్లర్ పాలన నుంచి తప్పించుకొని పారిస్ చేరిన విమర్శకురాలు లోటే ఐస్నర్ ఆ సంస్థలో చేరి జర్మన్ చిత్రాల జ్ఞాపకాన్ని నిలిపారు. జర్మనీలో 1966లో స్థాపించిన ముర్నౌ ఫౌండేషన్ నేడు ఈ వారసత్వంలో పెద్ద భాగాన్ని సంరక్షిస్తోంది.

7.6.2 మీరు ఏమి సేకరించవచ్చు?

పునరుద్ధరించిన ప్రతుల డిస్కులు: విద్యార్థికి ఇదే ఉత్తమమైన ఆరంభం. కొనేముందు పునరుద్ధరణ సంవత్సరం, మూలప్రతి, వేగం వివరాలున్నాయా అని చూడండి. ఏ వివరమూ లేని చవక డిస్కు చాలా సందర్భాల్లో నకలుకు నకలే అయి ఉంటుంది.

కాగితపు సామగ్రి: సినిమా హాళ్లలో అమ్మిన బొమ్మల కరపత్ర పుస్తకాలు, నటీనటుల పోస్టుకార్డులు, ఛాయాచిత్రాలు, పోస్టర్లు దీనిలోకి వస్తాయి. బెర్లిన్ రాస్ సంస్థ ముద్రించిన తారల పోస్టుకార్డులు పెద్ద సంఖ్యలో వెలువడ్డాయి కాబట్టి ఇప్పటికీ సామాన్యుడికి అందుబాటులో ఉన్నాయి. దీనికి మరో కొస మెట్రోపోలిస్ పోస్టరు. హైన్స్ షుల్త్స్-నాయ్‌డామ్ గీసిన ఆ పోస్టరు ప్రతులు నాలుగే మిగిలినట్లు తెలుసు. వాటిలో ఒకటి 2005లో 6,90,000 డాలర్లకు అమ్ముడైంది. ఇలాంటి వస్తువులకు ఆధునిక పునర్ముద్రణలు చాలా ఉంటాయి. కాగితం మందం, ముద్రణలోని చుక్కలు భూతద్దంతో పరిశీలించకుండా “అసలు ప్రతి” అనే మాట నమ్మకండి.

ఫిల్ము ప్రింట్లు: 8, 16 మి.మీ. ప్రింట్లు సాధారణంగా సేఫ్టీ ఫిల్ముపై ఉంటాయి. 35 మి.మీ. పాత రీలు దొరికితే జాగ్రత్త. అంచుమీద ‘సేఫ్టీ’ అనే ముద్ర ఉన్నా అది నకలు తీసిన నెగెటివ్ నుంచి పడిన నీడ కావచ్చు. నైట్రేట్ అనే అనుమానం ఉన్న రీలును ఇంట్లో ఉంచవద్దు. ప్రొజెక్టరులో వేయవద్దు. ఎండలో పెట్టవద్దు. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వంటి సంస్థ సలహా తీసుకోండి.

7.6.3 భద్రపరచడం

మన వాతావరణంలో తేమ, చెదలు, వెండిపురుగులు ప్రధాన శత్రువులు. పోస్టుకార్డులను, కరపత్రాలను ఆమ్లరహిత కవర్లలో ఉంచండి. అల్మారాను గోడకు ఆనించకండి. సెల్లో టేపు అంటించవద్దు, లామినేషన్ చేయించవద్దు. ఈ రెండూ తిరిగి సరిచేయలేని నష్టం కలిగిస్తాయి. సేఫ్టీ ఫిల్ము డబ్బా తెరవగానే పులిసిన వెనిగర్ వాసన వస్తే అది క్షీణించడం మొదలైందని గుర్తు. ఆ రీలును మిగతావాటి నుంచి వెంటనే వేరుచేయండి.

7.6.4 పరిచయపత్రం

సేకరణను గుట్ట నుంచి గ్రంథాలయంగా మార్చేది పరిచయపత్రం. ప్రతి వస్తువుకూ ఒక కార్డు రాయండి: చిత్రం జర్మన్ పేరు, దర్శకుడు, విడుదల తేదీ, అసలు పొడవు, మీ ప్రతి నిడివి, వేగం, రంగులు, టైటిళ్ల భాష, సంగీతం, మూలప్రతి, ఎక్కడ ఎప్పుడు దొరికింది. తెలియని గడిని ఖాళీగా వదలండి, ఊహతో నింపకండి. మెట్రోపోలిస్ దొరకడానికి కారణం ఒక నిడివి లెక్క కుదరకపోవడమేనని గుర్తుంచుకోండి.

7.7 భారతదేశంతో సంబంధం

జర్మన్ మూకీ చరిత్రలో మన దేశానికీ చోటుంది. మ్యూనిక్‌కు చెందిన ఫ్రాంజ్ ఓస్టెన్, హిమాంశు రాయ్‌తో కలిసి బుద్ధుని జీవితంపై ‘ప్రేమ్ సన్యాస్’ (1925), తాజ్‌మహల్ నేపథ్యంగా ‘షిరాజ్’ (1928), తరువాత ‘ప్రపంచ పాశ్’ (1929) తీశాడు. వీటిని మన దేశంలోనే చిత్రీకరించారు. వాల్తేరులో పుట్టిన దేవికారాణి మూడో చిత్రానికి కళావిభాగంలో పనిచేశారు. బెర్లిన్‌లో ఊఫా స్టూడియోలో శిక్షణ పొందారు. షిరాజ్ పునరుద్ధరించిన ప్రతిని 2017లో అనుష్కా శంకర్ సంగీతంతో లండన్‌లో ప్రదర్శించారు.

తెలుగువారి తొలి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921) మాత్రం నేడు చూడటానికి లేదు. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ కృషి గురించి మనకు తెలిసిందంతా కాగితాల ద్వారానే. మూసేసిన టూరింగ్ టాకీసు సామాన్లలో, పాత పంపిణీదారుల ఇళ్ల అటకలమీద ఉన్న కరపత్రం, పాటల పుస్తకం కూడా ఆధారమే. తూకానికి వేసేముందు ఒకసారి తెరిచి చూడమని చెప్పగలిగినవారు ప్రతి ఊళ్లో ఒక్కరున్నా మేలే.

7.8 సారాంశం

తొలినాటి జర్మన్ చిత్రాలు ఫిల్ము స్వభావం, వ్యాపార నిర్లక్ష్యం, నిషేధాలు, యుద్ధం వల్ల అరుదయ్యాయి. మిగిలినవి కూడా వేర్వేరు ప్రతులుగా మిగిలాయి. నోస్ఫెరాటులో రంగు పోయినందువల్ల, కాలిగారిలో స్పష్టత పోయినందువల్ల, మెట్రోపోలిస్‌లో దృశ్యాలు పోయినందువల్ల అర్థమే మారింది. కాబట్టి విమర్శకు ముందు ప్రతి పరిశీలన అవసరం. ఈ చిత్రాలను తిరిగి నిలబెట్టడంలో వ్యక్తిగత సేకర్తలు, కాగితపు ఆధారాలు నిర్ణయాత్మక పాత్ర వహించాయి.

7.9 ముఖ్య పదాలు

నైట్రేట్ ఫిల్ము: 1950ల తొలినాళ్ల దాకా వాడిన, త్వరగా అంటుకునే ఫిల్ము.
నెగెటివ్: కెమెరాలో నడిచిన ఫిల్ము, దీని నుంచి ప్రింట్లు తీస్తారు.
టైటిల్ కార్డు: మూకీలలో సంభాషణను, కథనాన్ని అక్షరాలలో చూపే ఫ్రేములు.
పునరుద్ధరణ: మిగిలిన ప్రతులను పోల్చి, చిత్రాన్ని వీలైనంతవరకు తొలి రూపానికి తేవడం.

7.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఒకే మూకీ చిత్రానికి పలు ప్రతులు ఏర్పడటానికి కారణాలను ఉదాహరణలతో వివరించండి.
2. తొలినాటి చిత్రాల సంరక్షణలో వ్యక్తిగత సేకర్తల పాత్రను చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మెట్రోపోలిస్‌లో హెల్ పాత్రను తొలగించడం వల్ల కథకు కలిగిన నష్టం ఏమిటి?
2. 4,189 మీటర్ల చిత్రం సెకనుకు 20, 24 ఫ్రేముల వేగాలతో ఎంతసేపు నడుస్తుందో లెక్కించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - సమాధానాలు
ప్రగతి 1: (1) మండేటప్పుడు తనకు కావలసిన ఆక్సిజన్‌ను తానే ఇచ్చుకుంటుంది. (2) ఫిల్ములోని వెండి తిరిగి దక్కేది.
ప్రగతి 2: (1) రాత్రి సమయాన్ని. (2) సంగీత స్వరలిపి, సెన్సారు కార్డులు.
లెక్క (II-2): సుమారు 183 నిమిషాలు, 153 నిమిషాలు.